మెల్లగా పిలిచిన పేరు

కోర్టులో అతన్ని అందరూ శంఖం అనేవారు. ఆ పేరు పెట్టింది ప్లీడర్లు. శంఖంలో పోస్తేనే గాని తీర్థం కానట్టు, ఆ బంట్రోతు నోట్లోంచి వస్తేనే గాని పేరు పేరు కాదని వాళ్ల వేళాకోళం. వేళాకోళమే అయినా అబద్ధం మాత్రం కాదు. హాలు గుమ్మంలో నిలబడి అతను ఒక్క కేక వేశాడంటే వరండా చివర కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నవాడు, మెట్ల కింద టీ తాగుతున్నవాడు, రోడ్డవతల జిరాక్సు కొట్లో నిలబడ్డవాడు, ముగ్గురూ ఒక్కసారే ఉలిక్కిపడేవారు. చిన్నప్పుడు ఆ గొంతుకే ఇంట్లో తన్నులు తిన్నాడు. పెద్దయ్యాక ఆ గొంతే అన్నం పెట్టింది. మనిషి చూస్తే బక్కపలచన. గాలొస్తే ముందు చొక్కా కదిలేది, తర్వాత మనిషి కదిలేవాడు. అంత గొంతు ఆ డొక్కలో ఎక్కడ దాక్కుందో ఎవరికీ అంతు పట్టేది కాదు.

బంట్రోతు పని చూసేవాళ్లకి చిన్నదిగా కనిపిస్తుంది. కేసు విచారణకి రాగానే వాది పేరు, ప్రతివాది పేరు మూడేసిసార్లు పిలవాలి. మూడో పిలుపుకీ మనిషి రాకపోతే రానట్టే లెక్క. ఇక ఎదుటివాళ్లు చెప్పిందే వేదం, దాన్నే ఎక్స్‌పార్టీ అంటారు. మనిషి బయట బెంచీ మీద కునుకు తీస్తున్నంతలో బతుకు తలకిందులైపోవచ్చు. అందుకే శంఖం మూడో కేకకి ముందు కాస్త ఆగేవాడు. వరండా అటు చివరికీ ఇటు చివరికీ ఒకసారి చూసి, ఊపిరి నిండా తీసుకుని అప్పుడు వేసేవాడు. మొదటి రెండూ కోర్టు కోసం, మూడోది మనిషి కోసం అని భార్యకి చెప్పేవాడు. ఆవిడ ఇంటి ముందు గదిలో కిటికీ పక్కన కుట్టు మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. ఆ మూడోదేదో కోర్టులోనే వదిలేసి రండి, ఇంటికి తెస్తే గోడలు పగులుతాయి అనేది ఆవిడ.

అతను పనిచేసిన జడ్జీల్లో ఆఖరాయనకి తలనొప్పి జబ్బు. అలాంటిలాంటి తలనొప్పి కాదు. వస్తే వెలుతురు పడదు, చప్పుడు పడదు, ఫ్యాను తిరుగుతున్నా కణతలు నొక్కుకునేవారు. ఇక శంఖం కేక వేస్తే వేరే చెప్పాలా! అందుకని వాళ్లిద్దరి మధ్యా ఒక ఏర్పాటు. తలనొప్పి వచ్చిన రోజున జడ్జిగారు బల్ల అంచు మీద రెండు వేళ్లు పైకెత్తేవారు. అది చూసి శంఖం గుమ్మం దాటకుండా లోపలే నిలబడి మెల్లగా పిలిచేవాడు. పిలిచాక తనే వరండాలోకి వెళ్లి, మనుషుల భుజం తట్టి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవాడు. ఆయన వాళ్లు వచ్చేదాకా కళ్లు మూసుకుని ఆగేవారు. ఈ సంగతి ప్లీడర్లకి తెలియదు, గుమాస్తాలకి తెలియదు. పెద్దాయనకీ తనకీ మధ్య ఒక రహస్యం ఉండటం శంఖానికి ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

గర్వానికి తోడు రుణం కూడా ఉంది. ఒక మధ్యాహ్నం కోర్టు నడుస్తుండగా కబురొచ్చింది. భార్య మిషను మీదే పడిపోయింది, కడుపులో ఏదో పగిలిందన్నారు. శంఖం తర్వాతి కేసు పిలవడం మర్చిపోయి గుమ్మంలోనే నిలబడిపోయాడు. జడ్జిగారు అతని మొహం చూసి కోర్టు ఆపేశారు. తన కారులో తనే ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు, పెద్ద డాక్టరుని ఇంటి నుంచి పిలిపించారు, ఆపరేషను అయ్యేదాకా ఆ గచ్చు మీద బంట్రోతు పక్కనే కూర్చున్నారు. ఆవిడ బతికింది. అలాంటి మనిషి గురించి ఎవరు ఏం చెప్పినా శంఖం ఎందుకు వింటాడు, మీరే చెప్పండి.

ఇక ఆ రోజు సంగతి.

బేకరీలో కౌంటరు దగ్గర పనిచేసే ఒక అమ్మాయి కేసు అది. మొగుడు పోయాడు. నాలుగేళ్ల ఆడపిల్ల. మామగారు ఊళ్లో లారీల పెద్దాయన, నలుగురిలో పలుకుబడి ఉన్నవాడు. కోడల్ని బయటికి పంపేశాడు గాని మనవరాలు మాత్రం తనకే కావాలని కోర్టుకెక్కాడు. ఆ తల్లి ప్రతి వాయిదాకీ బేకరీ ఏప్రనుతోనే పరిగెత్తుకొచ్చేది. పక్కన పిల్ల. ఆ పిల్లని శంఖం కూడా ఎత్తుకునేవాడు, చెవి దగ్గర మెల్లగా "కూ" అంటే కిలకిల నవ్వేది.

ఆ రోజు కేసు వరస వచ్చేసరికి జడ్జిగారు రెండు వేళ్లు ఎత్తారు. అయ్యో, పాపం, మళ్లీ వచ్చింది కాబోలు అనుకున్నాడు శంఖం. లోపలే నిలబడి, పక్క గదిలో పసిపాప నిద్రపోతున్నట్టు, ఆ తల్లి పేరు మూడుసార్లు పిలిచాడు. తర్వాత అలవాటు ప్రకారం వెతకడానికి గుమ్మం దాటబోయాడు. కాలు గడప మీద ఉండగానే వెనక నుంచి జడ్జిగారి గొంతు వినిపించింది. రాలేదుగా, సరే, రాసుకోండి అని స్టెనోకి చెబుతున్నారు. శంఖం ఆగిపోయాడు. ఒక్క నిమిషం ఆగండయ్యా అందామని నోటిదాకా వచ్చింది. జడ్జిని ఆగమనడానికి బంట్రోతు ఎవడు? తలనొప్పి మరీ ఎక్కువగా ఉందేమో, త్వరగా లేవాలనుకుంటున్నారేమో. నోరు మూసుకున్నాడు.

ఆ తల్లి వరండా చివర కుళాయి దగ్గర ఉంది. పిల్లకి దాహం వేస్తే దోసిట్లో నీళ్లు పట్టి తాగిస్తోంది. వచ్చేసరికి అయిపోయింది. పై వారానికల్లా పిల్లని లారీల పెద్దాయన ఇంటికి అప్పగించేశారు. అప్పగించేటప్పుడు పిల్ల తల్లి ఏప్రను అంచు గుప్పిట్లో పట్టుకుని వదల్లేదట. చివరికి తల్లే ఏప్రను విప్పేసి పిల్లతోపాటు పంపించిందట. ఆ మాట కోర్టు గుమాస్తా చెబితే శంఖానికి రెండు పూటలు అన్నం సయించలేదు.

ఆ తల్లి ఊరుకోలేదు. పై కోర్టుకి వెళ్లింది. పేరు పిలవలేదని ఫిర్యాదు చేసింది. అప్పటికే జడ్జిగారి మీద ఇంకా చాలా ఫిర్యాదులు పడి ఉన్నాయి. కేసులున్నవాళ్ల ఇళ్లకి భోజనాలకి వెళ్లారని, తీర్పులు ముందే బయటికి తెలిసిపోయేవని. పెద్ద విచారణ వేశారు. శంఖాన్ని పిలిచి ప్రమాణం చేయించి అడిగారు: ఆవిడ పేరు పిలిచావా?

"పిలిచానండి. మూడుసార్లు" అన్నాడు శంఖం.

ఎంత గట్టిగా అని ఎవరూ అడగలేదు. ఆ గొంతు ఎరిగున్న ఊళ్లో ఆ ప్రశ్న ఎవరికి తోస్తుంది? వెతకడానికి బయటికి వెళ్లావా అనీ అడగలేదు. అడగనిది చెప్పడం ఎందుకు, తలనొప్పి మనిషిని ఇంకా బజారున పెట్టడం ఎందుకు అనుకున్నాడు. చెప్పింది నిజమే కదా అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. మీరూ నేనూ కూడా అలాగే వేసుకునేవాళ్లం. దాంతో ఆ తల్లి ఫిర్యాదు వీగిపోయింది. పై కోర్టులో అప్పీలు కూడా అదే వాంగ్మూలం మీద కొట్టేశారు.

మిగతా ఫిర్యాదులు మాత్రం నిలబడ్డాయి. జడ్జిగారిని బెంచీ మీద నుంచి తీసేశారు. ఆ సాయంత్రం ఆయన ఛాంబర్లో నుంచి పుస్తకాలు తీసుకెళుతుంటే సాయం పట్టిన ప్లీడరు ఒక్కడు లేడు. నిన్నటిదాకా వంగి వంగి దండాలు పెట్టినవాళ్లు గోడమీద క్యాలెండరు చదువుతూ నిలబడ్డారు. కుర్చీలో వేసుకునే దిండు చంకలో పెట్టుకుని ఆయన మెట్లు దిగుతుంటే శంఖం పరిగెత్తుకెళ్లి దాన్ని అందుకున్నాడు. అతని లెక్క ఒకటే. తనకి తెలిసిన ఒక్క ఫిర్యాదు అబద్ధమైనప్పుడు, తెలియనివి నిజమెలా అవుతాయి? ఇంకా సర్వీసు ఉండగానే రాజీనామా కాగితం ఇచ్చేసి ఆయన వెంట నడిచాడు. మంచిపనే చేశారు, ఆ చెయ్యి లేకపోతే నేనెక్కడున్నాను అంది భార్య.

పదవి పోయిన జడ్జి ఇంట్లో కూర్చుంటే నాలుగు గోడలే సాక్షులు. వీధిలోకి వస్తే ఊరంతా సాక్ష్యమే. ఆయన వీధిలోకే వచ్చారు. న్యాయం చెప్పినందుకు నన్ను దించేశారు, ఇప్పుడు మీరే నా బెంచీ, మీరే నా తీర్పు అని కూడళ్లలో బల్లలెక్కి చెప్పడం మొదలుపెట్టారు. మొదట్లో వినేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వాళ్లని పోగు చేసింది శంఖం గొంతే. బల్ల పక్కన నిలబడి, మైకు అక్కర్లేకుండా, కోర్టులో పిలిచినట్టే జడ్జిగారి పేరు మూడుసార్లు పిలిచేవాడు. మూడో పిలుపుకి ఆయన జనంలోంచి లేచి వచ్చేవారు. జనానికి అది తెగ నచ్చింది. అలవాటైన ముసలివాళ్లు కొందరు చేతులు కట్టుకుని లేచి నిలబడేవారు కూడా. ఓ ముసలాయన అయితే నా వాయిదా ఎప్పుడు బాబూ అని అడిగాడు, అంతా పగలబడి నవ్వారు.

మొదటి ఎన్నికలో డిపాజిట్టు గల్లంతయ్యింది. ఏడాది తిరక్కుండా ఉప ఎన్నిక వచ్చింది, ఈసారి పార్టీ నీడ దొరికింది, గెలిచారు. గెలిచినకొద్దీ మనిషి నునుపెక్కారు. భుజాలు నిగిడాయి, నవ్వు వెడల్పయింది. ఎవరు ఎదురొచ్చినా పేరు పెట్టి పలకరించడం నేర్చుకున్నారు, తెలియకపోతే శంఖం చెవిలో అందించేవాడు. అన్నట్టు ఒక వింత. డప్పులూ, మైకులూ, టపాకాయలూ, నెత్తిన మండే ఎండలో ఊరేగింపులూ, ఇన్నింటిలో ఆయనకి ఒక్కనాడూ తలనొప్పి రాలేదు. రెండు వేళ్లు ఎత్తారేమోనని శంఖం అలవాటుగా చూస్తుండేవాడు. ఎత్తేవారు గాని, అది పార్టీ గుర్తు. రోగం కుదిరిందని శంఖం ఇంటికొచ్చి సంతోషంగా చెబితే, గాలి మారింది కదా అంది భార్య, సూదిలో దారం ఎక్కిస్తూ.

మూడో ఎన్నిక వచ్చింది. ఈసారి గెలిస్తే మంత్రి అని ఊరంతా అంటున్నారు. శంఖం గొంతు రికార్డు చేసి పది ఆటోల మీద మైకులు కట్టి తిప్పుతున్నారు. "వస్తున్నారు, మీ న్యాయమూర్తి వస్తున్నారు" అని వీధి వీధినా అతని గొంతే. తన గొంతు తనకి ఎదురొస్తుంటే శంఖానికి మొదట్లో సిగ్గేసేది. తర్వాత అలవాటైపోయింది.

ఒకరోజు ప్రచారం బేకరీ ఉన్న వీధిలోకి వెళ్లింది. శంఖం జీపు ముందు నడుస్తూ కేక వేస్తున్నాడు. కొట్లోంచి ఒకామె ఏప్రనుకి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి దారికి అడ్డంగా నిలబడింది. జుట్టు ముందువైపు నెరిసింది. అరవలేదు, తిట్టలేదు.

"బాబాయిగారూ, ఇప్పుడు బాగా వినిపిస్తోంది మీ గొంతు" అంది.

శంఖం తడబడ్డాడు. "ఆ రోజూ పిలిచానమ్మా. మూడుసార్లు పిలిచాను."

"పిలిచారనే అందరూ అంటున్నారు. కుళాయి దగ్గర నాకు వినిపించలేదు. అంతకుముందు ప్రతి వాయిదాకీ వినిపించేది. ఆ ఒక్కరోజే నా చెవులకి ఏమైందో ఇప్పటికీ తెలియట్లేదు" అని పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది.

ఆమె నిజంగానే తన చెవుల్ని అనుమానిస్తోందని శంఖానికి అర్థమైంది. ఇన్నేళ్లుగా! నీ చెవులకేం కాలేదు తల్లీ, నేనే మెల్లగా పిలిచాను, ఆయనకి తలనొప్పి అని చెప్పాలనుకున్నాడు. వెనక జీపు హారను కొట్టింది. ముందుకి నడిచాడు. 

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు చూడండి. ఆ వారమే జడ్జిగారూ శంఖమూ ప్రచారం లెక్కలు మాట్లాడుకోవడానికి లారీల పెద్దాయన ఇంటికి వెళ్లారు. ఆ పెద్దాయనే ఇప్పుడు ఊళ్లో పార్టీకి పెద్దదిక్కు, సీటు ఇప్పించింది కూడా అతనే. శంఖం హాల్లో ఓ మూల నిలబడ్డాడు. మేడమెట్ల మీద కూర్చుని ఒక ఆడపిల్ల పుస్తకం చదువుకుంటోంది, పదకొండేళ్లుంటాయి. నుదురు, గడ్డం, తల వంచిన తీరు అచ్చం బేకరీ అమ్మాయే. శంఖం అలా చూస్తూ ఉండిపోవడం పెద్దాయన కనిపెట్టాడు. దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"నా మనవరాలోయ్. అంతా మీ అయ్యగారి చలవ. నీదీ తక్కువేం కాదులే. అంత గొంతు పెట్టుకుని ఆ రోజు పిల్లిలా పిలిచావు చూడు, మామూలు మాటా! రెండు వేళ్లు చూపిస్తే చాలు, మావాడు చూసుకుంటాడని మీ అయ్యగారు ముందురోజే చెప్పారు" అని మెచ్చుకోలుగా వీపు తట్టాడు.

 పెద్దాయన వెళ్లి సోఫాలో కూర్చున్నాక కూడా వీపు మీద ఆ చెయ్యి ఉన్నట్టే ఉంది.

మర్నాడు పొద్దున్నే జడ్జిగారి ఇంటికి వెళ్లాడు. ఆయన గదిలో ఒక్కరే ఉన్నారు, సాయంత్రం సభలో చెప్పే మాటలు గట్టిగా చదువుకుంటున్నారు. శంఖం తలుపు దగ్గర నిలబడ్డాడు, కోర్టులో నిలబడినట్టే.

"అయ్యగారూ, ఆ రోజు మీకు తలనొప్పి వచ్చిందాండి?"

"ఏ రోజు?"

"లారీల పెద్దాయన మనవరాలి కేసు రోజు. రెండు వేళ్లు చూపించారు."

జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. లేచి వెళ్లి తలుపు మూశారు. మళ్లీ వచ్చి కూర్చున్నారు.

"నీకేం కావాలో చెప్పు" అన్నారు. "ఏదైనా కమిటీలో వేయించాలా? ఇల్లు కావాలా? మొహమాటపడకు, మనవాడివి. గెలిచాక మొదట నీ పనే చేస్తాను."

ఏం కావాలి శంఖానికి? ఒక్క మాట కావాలి. అవునురా, ఆ రోజు తల పగిలిపోయింది అన్న ఒక్క మాట. అబద్ధమే అయినా సరే, ఆ ఒక్క అబద్ధం ఆడి ఉంటే శంఖం కళ్లు ఒత్తుకుని నమ్మేవాడు. పెద్దాయన వాగుడు మతిలేని వాగుడని తోసేసి, సాయంత్రం సభకి అందరికంటే ముందు వెళ్లి నిలబడేవాడు. ఆ మాట కూడా దక్కలేదు. ఇంతకాలం పక్కన నిలబడ్డవాణ్ని, ఆసుపత్రి గచ్చు మీద తన భుజానికి ఆనుకుని ఏడ్చినవాణ్ని, బేరానికి వచ్చినవాడనుకున్నాడు ఆ మనిషి. ఇక్కడి నుంచి ఆయనకి "గారు" తగిలించడం నావల్ల కాదు.

"ఏమీ వద్దండి" అని శంఖం బయటికొచ్చేశాడు.

ఇంటికొచ్చి మిషను పక్కన నేల మీద కూలబడి, మొదటి నుంచి చివరిదాకా భార్యకి చెప్పాడు. మిషను ఆగింది. ఆవిడ చాలాసేపు గుడ్డని మడతపెట్టి విప్పి, మళ్లీ మడతపెట్టింది. మింగలేక కక్కలేక ఉన్న ఆ మొహం చూస్తే శంఖానికి భయమేసింది. ఆ ప్రాణం నిలబెట్టింది ఆ చెయ్యే కదా. ఆ రెండు వేళ్లూ ఆ చేతివే కదా.

"నన్ను బతికించాడు. కాదనను, చచ్చేదాకా తలుచుకుంటాను" అంది చివరికి. "కానీ నేను బతికినందుకు బదులు ఆ పిల్ల తల్లి లేకుండా పెరగాలా? వెళ్లి చెప్పండి."

శంఖం వెళ్లాడు. బేకరీ అమ్మాయి ఇంటికి ముందు వెళ్లి, నీ చెవులకేం కాలేదమ్మా అని చెప్పాడు.  అయితే నా తప్పేం లేదా బాబాయిగారూ అని అడిగింది ఆమె. లేదమ్మా అన్నాడు. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాడు. ఆమె ప్లీడరు కొత్తగా అర్జీ వేశాడు. శంఖం కోర్టులో బోనెక్కి ఎలా పిలిచాడో, ఎందుకు పిలిచాడో, కాలు గడప మీద ఎలా ఆగిపోయిందో అంతా చెప్పాడు. ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదని అడిగితే, అడగలేదని ఊరుకున్నానండి, అది తప్పే అని తల దించుకున్నాడు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడని ఊరు ఆడిపోసుకుంది. ఎదుటి పార్టీ డబ్బు తిన్నాడన్నారు. టీకొట్లో పక్కన కూర్చున్నవాళ్లు లేచిపోయేవారు. ఆ మాజీ జడ్జి ఒక సభలో కళ్లనీళ్లు పెట్టుకుని, నా నీడ కూడా నన్ను అమ్ముకుంది అన్నాడట. దాంతో జాలి పొంగింది, ఓట్లూ పొంగాయి. ఇంతకుముందు ఎన్నడూ రానంత మెజారిటీ. ఏ శాఖ కావాలంటే న్యాయశాఖే కావాలని పట్టుబట్టి తీసుకున్నాడు. ఇంకో చోద్యం వినండి. శంఖాన్ని తిట్టిపోశారే గాని, శంఖం గొంతుని మాత్రం వదల్లేదు. అంత గొంతు మళ్లీ దొరకదు కదా! విజయయాత్ర ఆటోల మీద అదే రికార్డు. "వస్తున్నారు, మీ న్యాయమూర్తి వస్తున్నారు." శంఖం ఇంటి ముందు నుంచి కూడా వెళ్లేది. ఆవిడ లేచి కిటికీ మూసేది.

అయినా కోర్టు మాత్రం అర్జీని ఒప్పుకుంది. పాత ఎక్స్‌పార్టీ ఉత్తర్వు కొట్టేసి, పిల్ల కేసు మళ్లీ మొదటి నుంచి వింటామంది. పిల్లని కూడా తీసుకురమ్మంది. ఆ వార్త విన్నరోజు బేకరీ అమ్మాయి శంఖం ఇంటికొచ్చి, ఒక గౌనుకి గుడ్డ ఇచ్చి కుట్టమంది. కొలత ఎంత అని భార్య అడిగితే ఆమె చెయ్యి ఇంత ఎత్తులో పెట్టి చూపించింది. కాదమ్మా, ఇంకా పెరిగింది అని శంఖం ఆ చేతిని పైకి జరిపాడు.

వాయిదా రోజు శంఖం అందరికంటే ముందు వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. అదే వరండా, చివర అదే కుళాయి. ఇప్పుడు గుమ్మంలో కొత్త బంట్రోతు. కేసు వరస రాగానే అతను తల బయటికి పెట్టి, నోట్లో ఏదో నములుతున్నట్టు, ఆ తల్లి పేరు గొణిగాడు. రెండోసారీ అలాగే. వరండా కిటకిటలాడుతోంది, ఎవరి గోల వాళ్లది. బేకరీ అమ్మాయి కుళాయి పక్క స్తంభానికి ఆనుకుని, గౌను ఉన్న సంచీ గుండెకి హత్తుకుని నిలబడి ఉంది. ఆమెకి వినిపించలేదని శంఖానికి తెలిసిపోయింది. ఇక మనిషి ఆగలేదు. లేచి నిలబడి, ఊపిరి నిండా తీసుకుని, మూడో పిలుపు తనే పిలిచాడు.

వరండా గోడలు మోగాయి. కింద మెట్ల మీదవాళ్లు తలెత్తారు. గోలంతా టక్కున ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఆమె, వస్తున్నా బాబాయిగారూ అని పరిగెత్తుకొచ్చింది. శంఖానికి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లకి అప్పు తీరినట్టే అనుకున్నాడు.

పిల్లనీ తల్లినీ తాతనీ ఇప్పటి జడ్జి తన గదిలోకి పిలిపించుకున్నారు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ముందు తల్లి వచ్చింది. సంచీ అలాగే ఉంది. శంఖం ఎదురెళ్లాడు.

"నాకావిడ వద్దు అందండి పిల్ల" అంది. మామూలుగానే అంది, ధర చెప్పినట్టు. "కోర్టు మూడుసార్లు పిలిచినా మా అమ్మ నాకోసం రాలేదట, తాతగారు చెప్పారు అంది. నన్ను చూడను కూడా లేదు. ఇష్టం లేని పిల్లని పంపలేమన్నారు. నెలకోసారి చూసి రావచ్చట."

 అప్పుడే పిల్ల బయటికొచ్చింది, తాత లోపల కాగితాల మీద సంతకం పెడుతున్నాడు. శంఖం వెళ్లి దాని ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. పిల్ల కళ్లు పెద్దవి చేసింది.

"ఇందాక పిలిచింది మీరేనా తాతగారూ? మైకు ఆటోలో గొంతు కూడా మీదేనా?"

"నాదేనమ్మా" అన్నాడు. పిచ్చివాడు, గుర్తుపట్టిందని సంబరపడ్డాడు కూడా. "చూడమ్మా, నీకు నిజం చెప్పాలి. అప్పుడు మీ అమ్మని పిలిచింది నేనే. మెల్లగా పిలిచాను. తనకి వినిపించలేదు. ఆ కుళాయి దగ్గర నీకు నీళ్లు తాగిస్తోంది. వినిపించి ఉంటే వచ్చేదమ్మా."

పిల్ల కుళాయి వైపు చూసింది. గుమ్మం వైపు చూసింది. రెంటికీ మధ్య దూరం కళ్లతోనే కొలిచింది. పెద్దవాళ్ల అబద్ధాలు విని విని ఆరితేరిన పిల్ల, మర్యాదగానే మాట్లాడింది.

"మీ గొంతు మా మేడ మీదకి కూడా వినిపిస్తుంది తాతగారూ. ఇక్కడికి వినిపించకపోవడమేంటి? ఇందాక పిలిస్తే వచ్చిందిగా." తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు అంది, "అప్పుడు రావాలనిపించలేదేమో."

శంఖం ఏం చెబుతాడు? ఏ గొంతుతో చెబుతాడు? లోపలి నుంచి తాత వచ్చి పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. వాళ్లు మెట్లు దిగుతుంటే తల్లి స్తంభం దగ్గర నిలబడి చూస్తూనే ఉంది. ఆమె అంతా విన్నది. ఒక్కసారి ఆ పిల్లని పేరు పెట్టి పిలవమ్మా అన్నాడు శంఖం. ఆమె ప్రయత్నించింది. పెదవులు కదిలాయి గాని పిలుపు బయటికి రాలేదు. మీరు పిలవండి బాబాయిగారూ అన్నట్టు అతని వైపు చూసింది.

శంఖం తల అడ్డంగా ఊపాడు. కారు గేటు దాటి వెళ్లిపోయింది. ఆమె చేతిలో సంచీ తను పట్టుకుని, ఆమెని మెట్లు దింపి, బేకరీ దాకా పక్కనే నడిచాడు. దారిలో విజయయాత్ర ఆటో ఎదురైంది, వస్తున్నారు, మీ న్యాయమూర్తి వస్తున్నారని అరుస్తూ. ఇద్దరూ రోడ్డు పక్కకి తప్పుకుని అది వెళ్లేదాకా నిలబడ్డారు.